మొటిమల బాక్టీరియా: ఒకే జాతి, వేరు వేరు తెగలు

యౌవనారంభంలో ముఖం మీద, వీపు మీద, ఛాతీ మీద పుట్టే చిన్న పొక్కులను తెలుగులో మొటిమలు అంటారు. కన్నడిగులకు ఇవి మొడవెలు, తమిళులకు ముగప్పరు, మరాఠీలో మురుం, ఒడియాలో బ్రణ. ప్రాచీన సుశ్రుత సంహితలో వీటి పేరు ముఖదూషిక. ఏ భాషలో పిలిచినా సరిహద్దు పల్లెలలో వినబడే నింద మాత్రం ఒక్కటే: పిల్లవాడు ముఖం సరిగా కడుక్కోడు, నూనె పదార్థాలు మానడు, ఒంట్లో వేడి చేసింది. పెళ్లిచూపుల వయసు వచ్చిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఈ మాటల బరువు మరీ ఎక్కువ. మేనత్త మొదలుకొని మెడికల్ షాపు యజమాని వరకు అందరూ వైద్యులే అవుతారు.

మొటిమకు, ఒక సూక్ష్మజీవికి సంబంధం ఉన్నదని శాస్త్రజ్ఞులకు వంద సంవత్సరాలకు పైగా తెలుసు. అయితే ఆ సూక్ష్మజీవి మొటిమలున్న ముఖం మీద ఎంత ఉన్నదో, నున్నని ముఖం మీద కూడా దాదాపు అంతే ఉన్నది. మరి ఒకరికి మొటిమలు ఎందుకు వస్తాయి, మరొకరికి ఎందుకు రావు? ఈ చిక్కుముడిలో ఒక ముఖ్యమైన పోగు ఆ సూక్ష్మజీవి జన్యువులను చదివిన తరువాతనే విడివడినది.

చర్మంలోని నూనె బావి

ముందుగా మొటిమ పుట్టుక తెలుసుకొనాలి. చర్మంపై ప్రతి రోమం ఒక చిన్న గుంట నుండి మొలుస్తుంది. దానిని రోమకూపం అంటారు. దానికి ఆనుకొని చర్మవసా గ్రంథి ఉంటుంది. పాఠశాల జీవశాస్త్ర పుస్తకంలో స్వేద గ్రంథుల పక్కనే దీని బొమ్మ ఉంటుంది. ఈ గ్రంథి స్రవించే జిడ్డు పదార్థమే చర్మవస. పన్నెండు, పదమూడేళ్ల వయసులో శరీరంలో ఆండ్రోజెన్ హార్మోన్లు పెరిగినప్పుడు ఈ స్రావం అధికమవుతుంది. కూపం మూతి దగ్గర రాలిన చర్మకణాలు జిడ్డుతో కలిసి గడ్డకట్టితే దారి మూసుకొనిపోతుంది. మూసుకొన్న కూపం ఎర్రబడి, వాచి, చీము పట్టితే అది మొటిమ.

బ్లాక్‌హెడ్స్ అని పిలిచే నల్లని చుక్కలలో నలుపు మురికి కాదు. గాలి తగిలిన జిడ్డు, చర్మపు రంగు పదార్థమైన మెలనిన్ కలిసి ఇచ్చిన రంగు అది. సబ్బుతో ఎంత తోమినా అందుకే పోదు. అతిగా తోమితే చర్మం మండి మొటిమలు హెచ్చుతాయి.

మూసుకొన్న ఆ బావిలో ప్రాణవాయువు తక్కువ, నూనె ఎక్కువ. చాలా జీవులకు అది నివాసయోగ్యం కాదు. క్యూటీబాక్టీరియం ఆక్నెస్ అనే కడ్డీ ఆకారపు బాక్టీరియాకు మాత్రం అదే పుట్టిల్లు. ఆక్సిజన్ లేని చోట బాగా పెరిగే అవాయు జీవి ఇది.

పేరు మారిన కథ

1896లో జర్మన్ చర్మవైద్యుడు పాల్ ఉన్నా మొటిమల లోపలి పదార్థంలో ఈ కడ్డీలను సూక్ష్మదర్శినితో చూశాడు. ఆ తరువాత దీనిని బాసిల్లస్ ఆక్నెస్ అన్నారు, కోరినీబాక్టీరియం ఆక్నెస్ అన్నారు. ఇది ప్రొపియోనిక్ ఆమ్లాన్ని తయారు చేస్తుంది గనుక 1946లో ప్రొపియోనిబాక్టీరియం ఆక్నెస్ అనాలని ప్రతిపాదన వచ్చినది. ఆ పేరు డెబ్బై ఏళ్లు నిలిచింది. 2016లో జన్యువుల పోలికను బట్టి చర్మవాసులైన ఈ బాక్టీరియాలను వేరు చేసి క్యూటీబాక్టీరియం అనే కొత్త ప్రజాతిలో చేర్చారు. క్యూటిస్ అంటే లాటిన్ భాషలో చర్మం. మందుల చీటీలలోను, పాత పుస్తకాలలోను పి. ఆక్నెస్ అని కనబడితే అది ఈ జీవే.

జన్యుపటం ఏమి చూపినది

2004లో జర్మనీకి చెందిన హోల్గర్ బ్రుగ్గెమన్, ఆయన సహచరులు ఈ బాక్టీరియా పూర్తి జన్యురాశిని మొదటిసారిగా చదివి సైన్స్ పత్రికలో ప్రచురించారు. అది ఒకే ఒక వలయాకార క్రోమోసోము. అందులో 25 లక్షల 60 వేలకు పైగా క్షార జతలు, 2,333 జన్యువులు ఉన్నట్లు లెక్క తేలింది. మానవుని జన్యురాశిలో క్షార జతలు 300 కోట్లు. దానితో పోలిస్తే ఇది రామాయణం ముందు ఒక ఉత్తరం వంటిది. కాని ఆ ఉత్తరంలో విషయం దండిగా ఉన్నది.

నూనెను విరగ్గొట్టే లైపేజ్ ఎంజైముల జన్యువులు అందులో ఉన్నాయి. చర్మవసను కొవ్వు ఆమ్లాలుగా, గ్లిసరాల్‌గా విడగొట్టి ఈ జీవి గ్లిసరాల్‌ను ఆహారంగా వాడుకొంటుంది. మిగిలిన కొవ్వు ఆమ్లాలు చర్మాన్ని ఆమ్లగుణంతో ఉంచి కొన్ని ఇతర రోగకారక జీవులను పెరగనివ్వవు. ఇది చర్మానికి మేలే. అదే జన్యురాశిలో చర్మకణాల మధ్య ఉండే జిగురు పదార్థాన్ని కోసే ఎంజైములకు, కణాలకు రంధ్రం చేసే ప్రోటీన్లకు, పోర్ఫిరిన్లు అనే పదార్థాలను తయారు చేసే యంత్రాంగానికి కూడా జన్యువులు ఉన్నాయి. ఇవి వాపును రెచ్చగొట్టగలవు. చర్మవైద్యులు చీకటి గదిలో వుడ్స్ దీపం అనే అతినీలలోహిత కాంతిని ముఖం మీద వేసినప్పుడు ముక్కు పక్కల నారింజ ఎరుపు చుక్కలు మెరుస్తాయి. ఆ మెరుపు ఈ పోర్ఫిరిన్లదే.

మేలు చేసే పనిముట్లు, కీడు చేసే పనిముట్లు ఒకే పెట్టెలో కనబడినవి. ఈ బాక్టీరియాలన్నిటి పెట్టెలు ఒకటేనా అన్నది తరువాతి ప్రశ్న.

ముక్కు పట్టీలతో జరిగిన అధ్యయనం

వరి అంతా ఒకే జాతి. అయినా సోనా మసూరి వేరు, బాస్మతి వేరు అని రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. గింజ వేరు, వాసన వేరు, తెగులును తట్టుకొనే శక్తి వేరు. బాక్టీరియాలోను అంతే. ఒకే జాతిలో జన్యువుల చిన్న తేడాలతో విడివడిన శాఖలను ఇక్కడ తెగలు అందాము.

2013లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హుయీంగ్ లీ బృందం మొటిమలున్న 49 మందిని, లేని 52 మందిని పరీక్షించినది. ముక్కు మీద అంటించి లాగితే కూపాలలోని జిడ్డు ఊడివచ్చే పట్టీలు బజారులో దొరుకుతాయి. వాటితోనే నమూనాలు తీశారు. రెండు గుంపులలోను ఈ బాక్టీరియా పాలు దాదాపు సమానంగానే ఉన్నది. తేడా తెగలలో బయటపడినది. ప్రతి తెగకు ఆర్‌టి అనే అక్షరాలతో ఒక సంఖ్య ఇచ్చారు. ఆర్‌టి 1, 2, 3 అనేవి అందరిలోను కనిపించాయి. ఆర్‌టి 4, 5 మొటిమలున్నవారిలో సుమారు అయిదుగురిలో ఒకరికి ఉండగా, లేనివారిలో అరుదు. ఆర్‌టి 6 మాత్రం దాదాపుగా నున్నని చర్మంలోనే కనిపించినది.

ఆ బృందం 66 తెగల జన్యురాశులను కొత్తగా చదివినది. ఆర్‌టి 4, 5 తెగల వద్ద ప్లాస్మిడ్ అనే అదనపు డి.ఎన్.ఎ. వలయం, ఇతరులలో లేని కొన్ని జన్యువుల గుంపులు ఉన్నాయి. అవి వైరసుల ద్వారానో, పొరుగు బాక్టీరియాల నుండో వచ్చి చేరినవి కావచ్చునని పరిశోధకుల అభిప్రాయం. ఆర్‌టి 6 వద్ద ఇందుకు భిన్నంగా క్రిస్పర్ అనే రక్షణ వ్యవస్థ ఉన్నది. బయటి నుండి చొరబడే డి.ఎన్.ఎ.ను గుర్తుపట్టి కత్తిరించే వ్యవస్థ అది. ఒక ఇల్లు తలుపు తెరిచి పెట్టుకొన్నది, మరొకటి గడియ వేసుకొన్నది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆర్‌టి 4 ఉన్న ప్రతివారికీ మొటిమలు రావు. మొటిమలున్న ప్రతివారిలోను ఆ తెగ ఉండదు. అయిదుగురిలో ఒకరు అంటే మిగిలిన నలుగురి సంగతి వేరే కారణాలతో చెప్పవలసి ఉన్నది.

ఒకే ఎంజైము, రెండు ఫలితాలు

తెగల మధ్య తేడా జన్యువు ఉండటం, లేకపోవటంతో ముగియదు. ఒకే జన్యువు రెండు రూపాలలో ఉండవచ్చును. చర్మకణాల మధ్య హయలురోనిక్ ఆమ్లం అనే జిగురు ఉంటుందని పైన సూచించినాము. దానిని కోసే ఎంజైము ఈ బాక్టీరియాలో రెండు విధాలు. 2023లో శాన్ డియాగో శాస్త్రజ్ఞులు ప్రచురించిన పరిశోధన ప్రకారం మొటిమలతో సంబంధమున్న తెగల ఎంజైము ఆ జిగురును పెద్ద ముక్కలుగా కోస్తుంది. ఆ ముక్కలను గాయపు గుర్తుగా భావించి శరీర రక్షణ వ్యవస్థ వాపును రప్పిస్తుంది. ఆరోగ్య చర్మపు తెగల ఎంజైము అదే జిగురును పూర్తిగా చిన్న చిన్న తునకలుగా కోస్తుంది. అవి వాపును తగ్గిస్తాయి. కొడవలి ఒకటే, కోత తీరు వేరు.

పోర్ఫిరిన్ల విషయమూ ఇటువంటిదే. ఆరోగ్య చర్మపు తెగలలో పోర్ఫిరిన్ ఉత్పత్తిని అదుపు చేసే ఒక జన్యువు ఉన్నట్లు, మొటిమల తెగలలో అది లేనట్లు 2016లో గుర్తించారు. అదుపు లేనిచోట పోర్ఫిరిన్లు ఎక్కువగా తయారవుతాయి.

బి12 సూది మందు సంగతి

బి12 విటమిను తీసుకొన్న తరువాత మొటిమలు వచ్చాయని కొందరు రోగులు చెప్పుట వైద్యులకు కొత్త కాదు. 2015లో లాస్ ఏంజెలెస్ బృందమే దీని మీద పరిశోధించినది. ఈ బాక్టీరియా బి12ను తానే తయారు చేసుకోగలదు. మొటిమలు లేని పదిమందికి బి12 సూది వేసినప్పుడు వారి చర్మం మీది బాక్టీరియాలో బి12 తయారీ జన్యువులు మందగించాయి. ప్రయోగశాలలో బి12 అందించి పెంచినప్పుడు ఆ ముడిసరుకు పోర్ఫిరిన్ల వైపు మళ్లి, వాటి ఉత్పత్తి పెరిగినది. పదిమందిలో ఒకరికి వారం రోజులలో మొటిమలు వచ్చాయి. పదిమందితో చేసిన అధ్యయనం చిన్నదని మరువరాదు. రక్తహీనతకో, నరాల తిమ్మిరికో వైద్యుడు బి12 వ్రాసి ఉంటే మొటిమల భయంతో మానుకొనటం పొరపాటు. విషయం వైద్యునికి చెబితే చాలును.

ఒక్కొక్క కూపం ఒక్కొక్క పల్లె

ఒకే ముఖం మీద అనేక తెగలు కాపురం ఉంటాయి. అవి కలగలిసి ఉంటాయా, విడివిడిగా ఉంటాయా? 2022లో అమెరికాలోని ఎం.ఐ.టి. సంస్థకు చెందిన టామీ లీబర్‌మన్ బృందం ఒక్కొక్క కూపం నుండి విడిగా బాక్టీరియాలను తీసి వందలకొద్దీ జన్యురాశులను చదివినది. ఆశ్చర్యకరమైన ఫలితం వచ్చినది. ఒక కూపంలోని బాక్టీరియాలన్నీ సాధారణంగా ఒకే మూలపురుషుని సంతానం. పక్క కూపంలో మరొక వంశం. ముందుగా ఎవరు అడుగు పెడితే వారిదే ఆ చోటు. బలాబలాల కంటే అదృష్టానిదే ఇందులో పెద్ద పాత్ర అని పరిశోధకులు భావించారు. బంజరును మొదట కొట్టుకొన్న కుటుంబం పేరే ఊరికి మిగిలినట్లు.

ఆ బృందమే మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఒక పాఠశాల పిల్లలను, వారి తల్లిదండ్రులను పరీక్షించి 2025లో మరొక పరిశోధన వెలువరించినది. ఒకే ఇంటివారు కొన్ని తెగలను పంచుకొంటారు గాని అన్నిటినీ కాదు. చర్మవస పెరిగే యౌవనారంభంలో కొత్త తెగలు వచ్చి స్థిరపడే అవకాశం ఎక్కువ. భవిష్యత్తులో మంచి తెగను చర్మం మీద నాటాలంటే ఆ వయసే అనువైనదని దీనిని బట్టి ఊహిస్తున్నారు.

తల్లిదండ్రుల నుండి వచ్చేది

తండ్రికి మొటిమలు ఉంటే కొడుకుకు కూడా వస్తాయని పెద్దలు అనటంలో నిజమున్నది. 2002లో ఇంగ్లండులో కవల స్త్రీల మీద జరిగిన అధ్యయనంలో మొటిమలు వచ్చుటలో మనిషికి మనిషికి గల తేడాలో 81 శాతం వంశపారంపర్య జన్యువుల వలననే అని లెక్క తేలింది. చర్మవస ఎంత ఊరుతుంది, కూపం మూతి ఎంత సులువుగా మూసుకొనిపోతుంది, వాపు ఎంత తీవ్రంగా వస్తుంది అన్నవి మనిషి జన్యువుల మీద ఆధారపడి ఉంటాయి. ఆహారానికి కూడా కొంత పాత్ర ఉన్నదని, ముఖ్యంగా తీపి, పాల పదార్థాల విషయంలో, కొన్ని అధ్యయనాలు సూచించాయి. అయినా వాటా చూస్తే పిల్లవాని చేతిలో ఉన్నది స్వల్పం. అద్దం ముందు నిలబడి బాధపడే పిల్లను మురికిదానా అని తిట్టటానికి శాస్త్రంలో ఆధారం లేదు.

మందుకు లొంగని జన్యువులు

ఈ జన్యువుల కథలో ఇంటింటికీ నేరుగా తగిలే భాగం ఇది. ఎరిత్రోమైసిన్, క్లిండామైసిన్, అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్ మందులు బాక్టీరియాలో ప్రోటీన్లు తయారయ్యే రైబోసోము అనే యంత్రానికి అంటుకొని దానిని ఆపివేస్తాయి. ఆ యంత్రపు నమూనా గల జన్యువులో ఒకే ఒక అక్షరం మారితే మందు అంటుకొనదు. ఎరిత్రోమైసిన్ అతికే చోట 2058వ స్థానంలో ఎ అక్షరం జి గా మారటం ఇటువంటి ఉత్పరివర్తనమే. ఆ ఒక్క మార్పుతో ఎరిత్రోమైసిన్, క్లిండామైసిన్ రెండూ పనిచేయకుండా పోవచ్చును. డాక్సీసైక్లిన్ వర్గపు మందులను తప్పించుకొనే ఉత్పరివర్తనం వేరొకటి ఉన్నది. ఆర్‌టి 4, 5 తెగలలో కనిపించేది అదే.

మందు ఈ మార్పును పుట్టించదు. కోట్ల కణాలలో ఎక్కడో పుట్టినదానిని మందు ఎంపిక చేస్తుంది. లొంగే బాక్టీరియాలు చచ్చి ఖాళీ అయిన కూపాలను లొంగనివి ఆక్రమించుకొంటాయి. కలుపు మందునే మాటిమాటికీ కొట్టిన చేలో ఆ మందుకు చావని కలుపే మిగులుతుంది కదా. మొటిమల బాక్టీరియాలో ఈ నిరోధకత 1979లో అమెరికాలో మొదట నమోదైనది. ఆ తరువాత ప్రపంచమంతటా పెరిగినది. 2003లో ప్రచురితమైన ఐరోపా అధ్యయనంలో మందు వాడని కుటుంబ సభ్యుల చర్మం మీద, మొటిమల రోగులను చూసే వైద్యుల ముఖాల మీద కూడా లొంగని తెగలు కనిపించాయి. ఇంట్లో ఒకరు వాడిన ట్యూబు ఫలితం ఇతరులకు సంక్రమించవచ్చునన్నమాట.

ఈ కారణంగానే యాంటీబయాటిక్ పూతను గాని, మాత్రను గాని ఒంటరిగా వాడరాదని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. దానికి తోడుగా బెంజాయిల్ పెరాక్సైడ్ ఇస్తారు. ఇది ఆక్సిజన్‌ను విడుదల చేసి అవాయు జీవిని చంపుతుంది. దీనికి నిరోధకత ఏర్పడినట్లు దాఖలా లేదు. తువాలు, దిండు గలీబు దీని వలన రంగు వెలుస్తాయి గనుక తెల్లని గుడ్డ వాడుకొనటం మేలు. యాంటీబయాటిక్ మాత్రలు సాధారణంగా మూడు, నాలుగు నెలలకు మించి కొనసాగించరు. పొరుగింటి పిల్లకు నయమైనదని అదే చీటీతో మందు కొనటం, నాలుగు రోజులు వాడి మాని, మళ్లీ మొదలుపెట్టటం లొంగని తెగలకు దారి చూపటమే.

తెల్లబడటానికని అమ్మే కొన్ని ట్యూబులలో స్టెరాయిడు ఉంటుంది. మొదట ముఖం నిగనిగలాడుతుంది, తరువాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు గుంపులుగా వస్తాయి. ఇటువంటి స్టెరాయిడు పూతలను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చినది. నిబంధన కాగితం మీద ఉన్నంత గట్టిగా మెడికల్ షాపు బల్ల దగ్గర లేదు.

చంపటమా, మార్చటమా

ఈ బాక్టీరియాను పూర్తిగా తుడిచివేయుట సాధ్యం కాదు, మంచిదీ కాదు. స్వీడన్ పరిశోధకులు 2016లో దీనిలో రాక్స్‌పి అనే ప్రోటీనును వర్ణించారు. చర్మకణాలకు హాని చేసే ఆక్సిజన్ రూపాలను అది అణచివేస్తుంది. అందుకే కొత్త పరిశోధన చంపటం నుండి మార్చటం వైపు మళ్లినది.

తీవ్రమైన మొటిమలకు ఐసోట్రెటినాయిన్ అనే మాత్ర ఉన్నది. అది చర్మవసా గ్రంథులను కుదించివేస్తుంది. గర్భంలోని శిశువుకు తీవ్ర వైకల్యం కలిగిస్తుంది గనుక గర్భిణులు దానిని ఎంతమాత్రం తీసుకొనరాదు. వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఎవరూ వాడరాదు. ఆ మందు పనిచేసే మార్గంలో ఎన్‌గాల్ అనే ప్రోటీను ఒకటి పాలుపంచుకొంటుంది. 2024లో స్పెయిన్ దేశపు బార్సిలోనాలోని పోంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మొటిమల బాక్టీరియాలోనే ఆ ప్రోటీను జన్యువును చొప్పించారు. ఎన్నో ఏళ్లుగా జన్యుమార్పుకు లొంగని జీవిగా పేరుపడిన ఈ బాక్టీరియా ఆ ప్రోటీనును తయారు చేసి స్రవించినది. ప్రయోగశాలలో పెంచిన మానవ కణాలలో జిడ్డు ఉత్పత్తి తగ్గినది. ఎలుకల చర్మం మీద ఆ బాక్టీరియా బ్రతికి, ప్రోటీనును ఇచ్చినది. అయితే ఎలుక చర్మం మనిషి చర్మం వంటిది కాదు. దానికి మొటిమలు రావు.